ఎండాకాలంలో పెరిగిన చెమ్మ

మా ఇంటి ఓనరు సారు పోయారన్న వార్త నాకు కోదాడ బస్టాండులో, మిర్చి బజ్జీ నోట్లో ఉండగా అందింది. ఇంతటి వార్తకు తగిన ముఖం పెట్టడానికి బజ్జీ సహకరించలేదు. ఫోన్లో అమ్మ "సారు పోయిండురా" అంది. నేను బుద్ధిలేకుండా "మరి గోడ?" అన్నాను. ఆ మాట అప్పట్నుంచి నన్ను ఒకచోట కూర్చోనివ్వడం లేదు. కూర్చుంటే ఇదైనా రాయొచ్చని రాస్తున్నాను.

మిర్యాలగూడలో రైసు మిల్లులకు పోయే దారిలో ఆయన ఇల్లు. పైన ఆయన ఒక్కరే. కింద కిరాయికి అమ్మ, నాన్న, చెల్లి, నేను. రిటైరైన లెక్కల సారు కాబట్టి ఆయనకు ఇల్లు కూడా ఒక లెక్కే.

రెండేళ్ల కింద చెల్లి గదిలో గోడకు విస్తరాకంత చెమ్మ కనిపించింది. ఇంకో ఓనరైతే సున్నం కొట్టించేవాడు, లేదా మమ్మల్నే ఖాళీ చేయించేవాడు. సారు పెన్సిల్ తెచ్చారు. మరక చుట్టూ గీత గీసి, పక్కన తేదీ వేశారు. "కొలవందే ఏదీ తెలవది" అన్నారు. అప్పట్నుంచి నెలకో గీత. చెమ్మ పాకిన కొద్దీ నల్లగా బూజు పట్టింది, ముక్కిన వాసన మొదలైంది.

గోడ పటంలా తయారైందని నేను ఊళ్ల పేర్లు పెట్టాను. మూలన త్రిపురారం, నడుమ మాడుగులపల్లి, కరెంటు స్విచ్చు బోర్డు దామరచర్ల. సారు నవ్వలేదు. కానీ మరుసటి నెల తేదీ కింద ఆయన చేతిరాతతో "దామరచర్లకు రెండు జానలు" అని ఉంది.

దోషులం మాత్రం ఎప్పుడూ మేమే. తడిబట్టలు గదిలో ఆరేస్తామట, కిటికీ తెరవమట. ఒకరోజు బీరువాను గోడకు జానెడు దూరం జరిపించారు. వెనక బూజు బట్టల దాకా పాకి ఉండటం చూసి పైకి వెళ్లిపోయారు. ఆ గోడ లోపల ఒక పైపు ఉంది. మిల్లులకు పోయే హమాలీలు సీసాలు నింపుకోవడానికి ప్రహరీ బయట సారు పెట్టించిన నల్లాకు ట్యాంకు నీళ్లు దాంట్లోంచే పోతాయి. కారేది అదేమో అన్నానొకసారి. "దగ్గరుండి ఏయించిన పైపు బిడ్డా అది. నీ ఇంజినీరింగు నీ దగ్గర పెట్టుకో" అన్నారు.

ఈ ఎండాకాలం మొదట్లో చెల్లికి ఆయాసం ముదిరి దవాఖానకు తీసుకుపోయాం. ఆ గదిలో పడుకోనివ్వద్దన్నారు డాక్టరు. సూర్యాపేటలో మేనత్త ఇంటికి పంపించాం. మరునాడు సారు ఆ గోడ ముందు కుర్చీ వేసుకుని, గీతలన్నీ మొదటి నుంచి చదివారు. చాలాసేపటికి నన్ను పిలిచారు.

"వానలు ఎప్పుడు పడతయిరా?"

"జూన్‌ల సార్."

"మరి ఇది రెండేండ్ల సంది మార్చిలనే ఎందుకు పెరుగుతున్నది?"

జవాబు ఆయనే చెప్పారు. వానాకాలంలో ఆ నల్లా వాల్వు రోజుకు గంటసేపే తెరిచేవారు. ఎండాకాలం హమాలీలకు దప్పిక ఎక్కువని పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా తెరిచే ఉంచేవారు. పైపులో నీళ్లున్నంతసేపూ మా గోడ తాగుతూనే ఉంది.

"ఆ పిల్లకు రెండేండ్లు నేనే ఊపిరి ఆడనియ్యలే" అన్నారు.

ఆ సాయంత్రమే వాల్వు కట్టేశారు. గేటు దగ్గర మట్టి రంజన్ కుండ పెట్టి, వెనక బోరు నుంచి బకెట్లతో నీళ్లు మోసి నింపడం మొదలుపెట్టారు. డెబ్బై దాటిన మనిషి. నేను అందుకోబోతే ఇవ్వలేదు. "తప్పయిన లెక్కను చింపొద్దు. కొట్టేసి, పక్కన మళ్ల చెయ్యాలె. చేసినోడే చెయ్యాలె." ఇక హమాలీ సంఘంలో చేరిపోండి సార్ అన్నాను. మనసులో మురిసిపోయినట్టే కనిపించారు. గోడ బయట నుంచి కొత్త పైపు వేసేదాకా, వారం రోజులు మోశారు.

పెచ్చులన్నీ కొట్టించి ఇటుకలు బయటపెట్టారు. తొందరగా సిమెంటు పూసి రంగేస్తే పిల్లను తెచ్చుకుంటామని నాన్న బతిమాలాడు. "తడి మీద రంగంటే చీము మీద పౌడరు" అని సారు ఒప్పుకోలేదు. మిట్టమధ్యాహ్నం తన టేబుల్ ఫ్యాను కిందికి మోసుకొచ్చి గోడవైపు తిప్పి పెట్టారు. మరి మీకో అని అడిగాను. "నాకు పైన సీలింగు ఫ్యాను ఉన్నది గద" అన్నారు.

ఆయన పోయిన రోజు మొదటిసారి ఆయన గదిలోకి వెళ్లాను. జనం ఉక్కపోతకు తాళలేక ఎవరో ఫ్యాను వేయమన్నారు. స్విచ్చు వేశాను. తిరగలేదు. రెక్కల మీద దుమ్ము వేలు మందాన ఉంది. పక్కన కూర్చున్న ఆయన కూతురు, అది పాడై చాలా కాలమైందని చెప్పింది.

పదకొండో రోజు అయ్యాక టేబుల్ ఫ్యాను తుడిచి ఆమెకు ఇవ్వబోయాను. "ఉండనియ్యి తమ్మీ, గోడ ఆరినంక తీస్కపోత" అంది.

చెల్లి రోజూ ఫోన్ చేసి ఎప్పుడు రావాలని అడుగుతోంది. రోజూ ఇటుకల మీద అరచెయ్యి పెట్టి చూసి చెబుతున్నాను. పై వరసలు వెచ్చగా ఉన్నాయి, కింది మూడు వరసలు ఇంకా చల్లగానే ఉన్నాయి. ఫ్యాను ఈ కొస నుంచి ఆ కొసకు తల తిప్పుతుంది, కొసన టక్కున ఆగుతుంది, మళ్లీ వెనక్కి వస్తుంది. అది వచ్చినప్పుడల్లా ఎర్రటి ఇటుక పొడి పిడికెడు లేచి, ఎండలో కాసేపు నిలబడి, నేల మీద సర్దుకుంటోంది.