చెరకు బండ్ల ముందు ఉపన్యాసం

రేపు జనవరి ఇరవై ఆరు. మా పదేళ్ల బిడ్డ గంగామణి బోధన్‌లో తన బడి వేదికపై ఉపన్యాసం ఇవ్వాలి. పోయినేడు వేదికెక్కి, ఒక్క ముక్కా చెప్పకుండా ఏడ్చి దిగింది. ఈసారీ అలాగే అయితే ఇక జన్మలో ఎక్కనంది. అందుకని ఈ సాయంత్రం దాన్ని చక్కెర ఫ్యాక్టరీ ముందుకు తీసుకుపోయాను. అక్కడ తూకం కాంటా కోసం చెరకు ఎడ్లబండ్లు వరుసగా నిలబడి ఉంటాయి. ఎద్దులు నవ్వవు కదా, ముందు వాటికే చెప్పమన్నాను.

మొదట గొణిగింది. నవీపేట నుంచి వచ్చిన ఒక ముసలి రైతు బండి మీది నుంచే, "జర గట్టిగ చెప్పు బిడ్డా, ఎన్క బండోళ్లకు ఇనవడ్తలేదు" అన్నాడు. అది గొంతు పెంచింది. బండ్లవాళ్లంతా దిగి చుట్టూ చేరారు. ఇంతలో కాంటా ఖాళీ అయినా ఒక్క బండీ కదల్లేదు. కాంటా గుమాస్తా మండిపడుతూ వచ్చాడు.

"బండ్లు తోలుండ్రి! ఎవల పిల్ల గిది?"

అందరూ నా వైపు చూశారు. తప్పు నాదేనని చెప్పాలని ఉంది, కానీ ఓ బండి చాటుకు జరిగాను.

"మా బాపు గాయననే, కాకా. ఆయనకు సిగ్గెక్కువ, నన్నడుగు. ఇంక రెండే మాటలున్నయి, జర ఆగు" అంది గంగామణి.

గుమాస్తా ఆగాడు. చివర్లో చప్పట్లు కూడా కొట్టాడు.

రేపటి గురించి నాకు బెంగ లేదు. నలభై దాటిన వాళ్లకు ధైర్యం నేర్పే ఉపాయం మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. నలుగురిలో కాదు, విడిగా.