ఆరంకెల్లో అతి పెద్ద ప్రైమ్, మా సన్యాసిరావు

నిన్న పొద్దున్న టాటానగర్ పక్క మాంగో పేట నుంచి ఫోన్. సన్యాసిరావు పోయాడని.

రెండోసారి చెప్పించుకున్నాను. చేతిలో పేపరు ఉంది. ఆ తర్వాత ఒక్క లైనూ తలకెక్కలేదు.

ఈ వాట్సాప్ గ్రూప్‌లో అందరూ "లెక్కల జీనియస్" అని రాస్తున్నారు. నేను జరిగింది రాస్తాను.

డెబ్బైల చివర. నేను టాటానగర్ యార్డ్‌లో వ్యాగన్ నంబర్లు రాసే క్లర్క్‌ని. అతను ఆదిత్యపూర్‌లో ఓ చిన్న వర్క్‌షాపులో లేత్ మిషన్ నడిపే టర్నర్. వరసకి బావమరిది.

తెలుగు సంఘంలో లెక్కల మేష్టారు ఓ ప్రశ్న వేశారు. ఆరంకెల్లో అతి పెద్ద ప్రైమ్ ఏది? అంటే ఒకటీ, తానూ తప్ప ఇంకేదీ భాగించని సంఖ్య.

9,99,999ని మూడు భాగిస్తుంది. 9,99,998 సరి సంఖ్య. తర్వాతది 9,99,997.

దాన్ని వెయ్యి లోపు ప్రైమ్‌లన్నిటితో భాగించి చూడాలి. అవి నూట అరవై ఎనిమిది. క్యాలిక్యులేటర్ ఇద్దరికీ లేదు.

ప్రైమ్‌ల జాబితా ఒకటే కాగితం. అతని సైకిల్ మీద ఖర్కాయ్ నది దాటి వచ్చేది, పోయేది. ఒకరు ఆపిన చోటి నుంచి రెండోవాళ్లు భాగించాలి. వచ్చిన శేషాలు ఎవరి నోట్‌బుక్‌లో వాళ్లు రాసుకున్నాం.

సంఘంలో లేచి నిలబడి "9,99,997 ప్రైమే" అన్నాను.

మేష్టారు బోర్డు మీద రాశారు. 757 × 1321.

హాలంతా నవ్వింది.

"757 పక్కన టిక్ పెట్టినావు గదా" అన్నాను సన్యాసిరావుతో.

"టిక్ అంటే తరవాత మిషన్ మీదకి ఎక్కించీది అని. మా కాడ జాబ్ కార్డు మీద అంతే" అన్నాడు.

మా యార్డ్‌లో టిక్ అంటే ఆ వ్యాగన్ చూసేశాం అని. నేను 761 నుంచి మొదలుపెట్టాను. 757ని ఎవరూ ముట్టుకోలేదు.

"యార్డుల వ్యాగన్లు కూడా ఇలాగే వదిలెత్తావేటి బావా?" అని నవ్వాడు, అందరి ముందూ.

మూడు రోజులకి మా క్వార్టర్‌కి వచ్చాడు. "నీ నోట్‌బుక్కు ఓపాలి ఇయ్యి బావా. సూసి ఇచ్చెత్తాను."

ఇచ్చాను.

ఆదివారం మేష్టారికి సరైన జవాబు ఇచ్చాడు. 9,99,983.

మళ్లీ భాగించలేదు. మా తప్పు సంఖ్య కంటే అది పద్నాలుగు తక్కువ. కాబట్టి పాత శేషాల్లో ఎక్కడైనా 14 ఉందేమో చూస్తే చాలు. ఉంటే ఆ ప్రైమ్ దీన్ని సరిగ్గా భాగిస్తుంది, ఎక్కడా లేకపోతే ఇది ప్రైమే. చిన్న ప్రైమ్‌లు నోటిలెక్క. మధ్యలో సంఖ్యల్ని కూడా ఇలాగే కొట్టేశాడు.

సంఘం పత్రికలో ఒక్క పేరే పడింది.

"సగం శేషాలు నాయి కాదేటి?" అని అడిగాను.

"శేషాలు నీయే బావా. సూసినోణ్ణి నేను."

అది దొంగతనమని చాలామందికి చెప్పాను. ఈ గ్రూప్‌లో కొందరికి కూడా.

అతను అడగడానికి ముందు మూడు రోజులూ ఆ నోట్‌బుక్ నా బల్ల మీదే ఉంది. అందులో 14 కోసం వెతకాలని నాకు తట్టలేదు.

ఈ మాట అతనికి చెప్పలేదు. చెబితే ఆ నవ్వు చూడాల్సి వచ్చేది.

వెళ్లిరా సన్యాసిరావ్. ఎక్కడున్నా నీకు నెమ్మది కలగాలి.