అడుగున ఎర్ర చుక్క

జహీరాబాద్‌లో హైవే పక్కన లారీలకు రంగులేసే విరూపాక్షకు నోరెక్కువ. అతని భార్య శరణమ్మకు పనితనం ఎక్కువ. ఈ రెండో సంగతి ఊళ్లో ఎవరి చెవినా పడకుండా కాపాడుకొచ్చాడు ఆ మహానుభావుడు.

హైదరాబాద్‌లో బొమ్మల షాపు నడిపే దీక్షిత అనే ఆమె డబ్బాల కొద్దీ ప్లాస్టిక్ బొమ్మలు రంగులెయ్యమని పంపేది. బల్ల మీద పరిచి ఆడే ఆటలకు వాడేవి, బొటనవేలంత రాక్షసులు, కత్తులు పట్టిన సిపాయిలు. ఎరుపు, పసుపు, చిలకపచ్చ, అన్నీ పిప్పరమెంటు బిళ్లల్లా మెరుస్తూ వచ్చేవి. ఆ నున్నటి ప్లాస్టిక్ మీద రంగు నిలవదు. ముందు బూడిదరంగు అస్తర్ కొట్టాలి. లారీకైనా బొమ్మకైనా మొదటి పూతను అక్కడ అస్తర్ అనే అంటారు. విరూపాక్ష స్ప్రే గన్ పట్టి పది నిమిషాల్లో ఆ పూత కొట్టేవాడు. ఆ తర్వాత నెల రోజుల పని శరణమ్మది.

చిన్నప్పుడు మొగుడంపల్లిలో, ఎడ్ల అమావాస్యకు మట్టి ఎద్దులకు కళ్లు దిద్దిన చెయ్యి అది. ఒంటిమీది రంగులన్నీ అయ్యాక, ఊపిరి బిగబట్టి, ఆవగింజంత చోటులో తెల్లగీత గీసి దాని మధ్య నల్లచుక్క పెట్టేది. కళ్లు కుదిరిన బొమ్మను పక్కన పెడుతుంటే ఆమెకు చెప్పలేనంత సంతోషంగా ఉండేది. తిరిగి పంపే డబ్బా మీద పేరు మాత్రం విరూపాక్షదే.

ఒకరోజు సద్ది పట్టుకుని షెడ్డుకు వెళ్లేసరికి అతను స్నేహితుల ముందు గొప్పలు పోతున్నాడు. "మా ఇంట్ల రంగు నేను, మా ఆమె అస్తర్. అస్తర్ ఎవలకన్న కనవడ్తదా?" అందరూ నవ్వారు. శరణమ్మ సద్ది అక్కడ పెట్టి వచ్చేసింది. ఆనాటి నుంచి ప్రతి బొమ్మ పాదాల అడుగున సన్నగా ఒక ఎర్ర చుక్క పెట్టసాగింది.

ఆ చుక్క దీక్షిత కంట పడింది. ఫోన్ చేసి అడిగితే, విరూపాక్ష స్నానానికి పోయి ఉన్నందున, శరణమ్మే ధైర్యం చేసి తనదని చెప్పింది. గురువారం వచ్చి ప్రదర్శనకు నలభై బొమ్మలు తీసుకుపోతానని, చుక్కలున్న బొమ్మలు ఆమె పనేనని తేలితే హైదరాబాద్‌లో తన దగ్గరే నెల జీతంతో పెట్టుకుంటానని దీక్షిత మాటిచ్చింది. ఆ సంగతి విన్న విరూపాక్ష సరేనని తలూపి, స్ప్రే గన్ కడగడానికి కూర్చున్నాడు. ఆ తలూపుడుకు భయపడాల్సింది పోయి శరణమ్మ సంబరపడింది, పిచ్చిది.

గురువారం పొద్దున జొన్నలు పట్టించుకుందామని గిర్నీకి వెళ్లి, పిండి డబ్బాతో తిరిగొచ్చేసరికి అరుగు మీద నలభై బొమ్మలూ బూడిదరంగులో నిలబడి ఉన్నాయి. రంగులు లేవు, కళ్లు లేవు. ఒకదాన్ని తిప్పి చూసింది. అడుగున కూడా బూడిదే. ముందు బోర్లా పెట్టి పాదాలకు కొట్టి, ఆరాక నిలబెట్టి మిగతాది కొట్టాడన్నమాట. పనికి మాత్రం వంక పెట్టడానికి లేదు.

"గట్ల చూస్తవేందే? రంగులు నీకస్తయి గద, మల్ల ఏసుకో," అన్నాడు.

అంతలో దీక్షిత కారు వచ్చి ఆగింది. విరూపాక్ష చేతులు జోడించి ఎదురు వెళ్లాడు. "జర మాఫ్ చెయ్యున్రి మేడం. రంగులు నేనే ఏసిన. గీమె తెల్వక వాటి మీద అస్తర్ కొట్టి ఖరాబ్ చేసింది."

శరణమ్మ ఏడవలేదు. బ్రష్‌ను తెల్లరంగులో ముంచి, ఒక బొమ్మతో పాటు మొగుడి చేతిలో పెట్టింది.

"రంగులు ఆయనయేనట మేడం. ఒక్క కన్ను పెట్టమనున్రి."

తప్పించుకునే దారి లేదు. లారీ తలుపులకు అలవాటుపడ్డ చెయ్యి ఆవగింజంత చోటులో ఇమడలేదు. తెలుపు చెంప దాకా పాకింది. నలుపుతో సరిచెయ్యబోతే ముక్కూ నోరూ ఏకమయ్యాయి.

దీక్షితకు అంతా అర్థమైంది. మిగతా ముప్పై తొమ్మిదీ డబ్బాలో సర్దుకుంది. "చెయ్యి మీదేనని తెలిసింది శరణమ్మగారూ. కానీ మిమ్మల్ని తీసుకుపోతే వెనకాలే ఈయన కూడా వస్తాడు. నా షాపులో ఈ గొడవ నాకొద్దు," అని కారెక్కింది. మరో డబ్బా మళ్లీ రాలేదు.

మిగిలిన ఆ ఒక్క బొమ్మను విరూపాక్ష మోరీలో పారేయబోయాడు. శరణమ్మ లాక్కుని, అతను గడ్డం గీసుకునే అద్దం ముందు పెట్టింది. రోజూ పొద్దున అతని ముఖం పక్కన ఆ ముఖం కనిపిస్తుంది. తీసి అవతల పడెయ్యమని ఎన్నిసార్లు కసిరినా ఆమెది ఒకటే జవాబు.

"ఉండనియ్యి. నువ్వు రంగేసిన బొమ్మ గదొక్కటే."