వాన అనుకున్న మొగ్గలు

చిక్కబళ్లాపురంలో మేముండే వీధి చివర కాఫీపొడి ఆడించే అంగడి ఒకటి ఉంది. పొద్దున్నే అంగడాయన మిషను వేశాడంటే వేడి గింజల వాసన, దాంతోపాటు చికోరీ మాడు వాసన వీధి పొడుగునా పాకిపోయి, బస్సుకు పరుగెత్తేవాళ్లు కూడా ఒక్క క్షణం నడక తగ్గిస్తారు. "ఆహా, కాఫీ వాసన" అంటుంది మా పక్కింటావిడ. నాకు మాత్రం కాఫీ వాసనంటే అది కాదు. వాన తడి ఇంకా ఆరని మట్టి మీదుగా, మల్లెపూవుకూ నారింజపూవుకూ మధ్య ఎక్కడో ఉండే ఒక తియ్యటి చల్లదనం. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, నేను ప్రైమరీ స్కూలుకు పోయే రోజుల్లో, దాన్ని ఒకే ఒక్క ఏడాది తనివితీరా పీల్చాను.

మాది బాగేపల్లి తాలూకాలో, పాతపాళ్య దగ్గరి చిన్న పల్లె. మెట్ట మీద రాగులు, వేరుశనగ; బావి కింద పట్టుపురుగుల కోసం కాస్త మల్బరీ తోట. చలికాలమంతా అనపకాయలు ఒలిచి ఒలిచి వేళ్లకు జిడ్డు పట్టేది. మా అవ్వ నానేసిన గింజలను రెండు వేళ్ల మధ్య పెట్టి పితుకుతూ ఉంటే తొక్క ఆమె చేతిలో మిగిలి, పప్పు ఠప్పున గిన్నెలోకి దూకేది. ఆ పితికిపప్పు పులుసులో వేడి సంగటి అద్దుకుని తింటూ, పక్క గదిలో పురుగులు ఆకు నమిలే చప్పుడు వినేవాళ్లం. అచ్చం సన్నటి వాన పడుతున్నట్టుండేది. ఎండలు ముదిరితే బావిగట్టు మీది పనసచెట్టు పండ్లు పగిలేవి. దాని నీడలో అచ్చనగాయలాడి, ఓడినవాళ్లు గెలిచినవాళ్లకు పనసగింజలు కాల్చిపెట్టాలి. ఆ నీడలోనే మా చిన్నమ్మ కాఫీ మొక్కలు పెట్టింది.

జయమ్మ మా చిన్నాయన భార్య. ఆమె తండ్రిది మా పక్కూరే గాని, ఎప్పుడో ఒక కరువులో సకలేశపురం వైపు కాఫీ తోటల పనికి పోయి అక్కడే నిలిచిపోయాడు. చిన్నమ్మ ఆ కొండల్లోనే పుట్టింది. ఆమె తెలుగులో కూడా ఆ మలెనాటి కొండసీమ కన్నడం తేమ ఉండేది. పెళ్లయిన మరుసటేడు పుట్టింటికి పోయి తిరిగొస్తూ, ఒక తడి గోనెసంచి ఒళ్లో పెట్టుకుని బస్సు దిగింది. అందులో జానెడేసి మొక్కలు, నున్నటి ఆకులు, వేళ్ల చుట్టూ అక్కడి నల్లమట్టి.

అవ్వ సంచిలోకి వంగి చూసింది. "రాగులకే నీళ్లు చాలని నేలలో కాఫీ చెట్లేందమ్మా?"

"ఒక మూల్లో ఉంటాయిలే అత్తా. ఎవురికీ అడ్డం రావు."

నిజంగానే అవి ఎవరికీ అడ్డం రాలేదు. మల్బరీకి పారే కాలువ చెమ్మ తాగి, పనసాకులు రాలి కుళ్లిన ఎరువు తిని, నాతోపాటే ఎదిగాయి. ఒక ఏడాది మాఘమాసం చివర ఆకుల మొదళ్లలో పచ్చటి మొగ్గలు గుత్తులు గుత్తులుగా వచ్చి, కొవ్వొత్తుల్లా నిక్కి, అలాగే ఆగిపోయాయి. ఎన్నాళ్లు చూసినా విచ్చుకోవు. ఎందుకని అడిగితే, వాన కోసం కాచుకున్నాయని చెప్పింది చిన్నమ్మ. ఎండలో ఎండి ఎండి, ఆ తరవాత ఒక మంచి వాన తగిలితేనే కాఫీ మొగ్గ కళ్లు తెరుస్తుందట. దానికి వాళ్లూరిలో పూల వాన అని పేరట.

ఆ ఏడు ఉగాదికి ముందు వాన పడింది. వారం పది రోజులకు, పండక్కి ఓళిగలు కాల్చడానికి కట్టెలు తెమ్మని పంపితే బావిదాకా పోయిన నేను అక్కడే నిలబడిపోయాను. కొమ్మ కనబడకుండా తెల్లటి పూలు, చెట్టు ఒళ్లంతా తేనెటీగలు, ఆ వాసన. జడలో పెట్టుకుందామని చెయ్యి చాపితే చిన్నమ్మ మెల్లగా పట్టుకుంది. "కోయగూడదు పాపా. పూవే కాయ." కార్తీకం తరవాత కాయలు ఎర్రబడ్డాయి. పైతోలు చప్పరిస్తే తేనెలాగుండేది. గింజలు మిద్దె మీద ఎండబోసి, ఇనుప మూకుడులో వేయించి, రోట్లో దంచి, బెల్లం వేసి కాచింది. అందరూ తాగారు. అవ్వ రెండో లోటా అడిగి తీసుకుని, "చేదుగా ఉండాదిలే" అంది.

ఆ తరవాత వానలు మొహం చాటేశాయి. వేరుశనగ మొలిచి మాడింది. చుట్టుపక్కల బోర్లు లోతుకు పోయేకొద్దీ మా బావి అడుగున బురద, ఆపైన ఆ బురద పగిలిన నెర్రెలు. కాఫీ చెట్లు మిట్టమధ్యాహ్నం ఆకులు వేలాడేసి, చెవులు వాల్చిన మేకల్లా నిలబడేవి. "ఎండకు సొమ్మసిల్లినాయి. పొద్దుగూకితే లేస్తాయి" అనేది చిన్నమ్మ. కొన్నాళ్లు అలాగే లేచాయి. తరవాత తరవాత పొద్దుగూకినా లేవలేదు. కిందికొమ్మల ఆకులు పండి రాలాయి, కొత్తగా వచ్చినవి బొటనవేలంతే వచ్చాయి. అయినా మాఘమాసం పోయేసరికి మొగ్గలు మాత్రం వచ్చాయి. వచ్చి, కాచుకుని కూర్చున్నాయి.

ఒకరోజు మా నాయన బావిగట్టు మీద చిన్నమ్మను చూసి ఆగాడు.

"జయమ్మా, బావిలో ఏసిన బోరు గంటసేపు కూడా పోసేది లేదు. ఆవులకు, మల్బరీకే చాలడంలేదు. వీటికి ఇడిసేదానికి నీళ్లు యాడుండాయి, నువ్వే చెప్పు."

"నేనడగలేదు గదా బావా."

"అడగలేదు. రోజూ వచ్చి చూస్తాండావు. అదే నాకు కష్టంగా ఉండాది."

ఆరోజునుంచి చిన్నమ్మ బియ్యం కడిగిన నీళ్లు, బట్టలు జాడించిన నీళ్లు ఒక కడవలోకి పోగుచేసింది. ఉగాది దగ్గరపడుతుండగా ఒక సాయంత్రం నన్ను పిలిచి, కడవలోని నీళ్లు చెంబుతో తీసుకుని, చెట్ల మొదళ్లలో పోయకుండా, చెయ్యి పైకెత్తి కొమ్మల మీద జల్లింది. నన్నూ జల్లమంది. ఆకుల మీద దుమ్ము కరిగి గోధుమరంగు చుక్కలై కారింది. తడి మట్టి వాసన లేచింది. పాపం, మేమిద్దరం నవ్వుకున్నాం కూడా.

కొన్నాళ్లకు మొగ్గలు కదిలాయి. నేను పరుగెత్తుకుని పోయి చూశాను. అవి పూలు కావు. తెలుపు లేదు, వాసన లేదు. గట్టిగా, పచ్చగా, చిన్న నక్షత్రాల్లాగా సగం విచ్చుకుని బిగుసుకుపోయాయి. ఒక్క తేనెటీగ రాలేదు. చిన్నమ్మ ఒకదాన్ని తుంచి అరచేతిలో పెట్టుకుంది.

"వాన అనుకున్నాయి" అంది. "నేను చేసింది తప్పో ఏమో. కాచుకోనియ్యాల్సింది."

కాచుకున్నా ఏమీ రాలేదు. ఒకరోజు చింతామణి దిక్కునుంచి మబ్బు లేచి, ఊరంతా చీకటై, గాలికి మిద్దెల మీది చింతపండు కొట్టుకుపోయింది. అందరం బయటికొచ్చి నిలబడ్డాం. నాలుగు పెద్ద చినుకులు దుమ్ములో గుంటలు చేశాయి. మబ్బు మా నెత్తి మీదుగా పోయి ఎక్కడ కురిసిందో తెలియదు.

మల్బరీ ఎండితే నాయన పురుగులు పెట్టడం మానేశాడు. ఇంట్లో ఆ వాన చప్పుడు పోయింది. కాఫీ కొమ్మలు కొసలనుంచి నల్లబడుతూ వచ్చాయి. చిన్నమ్మ రోజుకొక చెట్టు బెరడు గోటితో గీకి చూసేది. లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టు. గీకిన చోటల్లా గోధుమరంగే తేలుతుంటే ఇంకాస్త కిందికి గీకేది. గట్టు పక్కనున్న ఒక చెట్టు మొదట్లో మాత్రం రోజూ తడి కనిపించేది. ఎవరు పోస్తున్నారా అని చూస్తే, అవ్వ. మొహం కడుక్కున్న నీళ్లు చెంబులో పట్టుకుని, కొంగు చాటున తెచ్చి పోస్తోంది. నన్ను చూసి, "పారబోసేదేగదా" అంది. ఆ చెట్టు మిగతావాటికన్నా కొంచెం ఆలస్యంగా ఎండింది, అంతే.

చెట్లు కొట్టిన రోజు చిన్నమ్మ ఇంట్లోనుంచి బయటికి రాలేదు. మరుసటేడు చిన్నాయన, ఆమె, సకలేశపురం వైపు తోటల్లో పని వెతుక్కుంటూ పోయారు. బాగేపల్లి బస్టాండులో అవ్వ ఆమె తల నిమిరి, "ఆడన్నా సల్లగా ఉండమ్మా" అంది.

ఇప్పుడు అవ్వ లేదు. బావి పూడ్చేశారు, పనసచెట్టు లేదు, ఆ చోట ఇళ్ల సైట్లకు రాళ్లు పాతారు. మా వీధి పిల్లలకు పట్టుపురుగు ఆకు నమిలే చప్పుడు ఎలాగుంటుందో చెప్పబోయి చెప్పలేకపోయాను.

పోయిన చలికాలం చిన్నమ్మ, తాను కోత పని చూసుకుంటున్న సకలేశపురం తోటనుంచి, ఫోను చేసింది. మాట అలసటగా ఉంది.

"పడగూడని కాలంలో వాన పడిందమ్మా ఈడ. కొమ్మ మీద పండు కోతకొచ్చి ఉండాది, దాని పక్కనే పూలు పూసేసినాయి. పండు కోస్తే పూవు రాల్తాది. పూవును చూసుకుంటే పండు కింద పడి కుళ్లిపోతాది."

"మరి ఏం చేస్తాండారు చిన్నమ్మా?"

"ఏం చేసేది. చూస్తాండాము."

అవతల ఎవరో ఆమెను పిలిచారు. కోతకొచ్చిన ఆడవాళ్లు బుట్టలు పట్టుకుని నిలబడి, కోయాలా వద్దా అని అడుగుతున్నారట. వాళ్లకేం చెప్పాలో తెలియడం లేదంది. ఆ తరవాత ఫోను పెట్టెయ్యకుండానే చెట్ల మధ్యగా వాళ్లవైపు నడిచింది. నేనూ పెట్టెయ్యకుండా, ఆ ఆకుల చప్పుడు వింటూ ఉన్నాను.