లాబ్రడార్ నాలుక

లాబ్రడార్‌ను పెంచుకుందామని మా అమ్మాయి నెలరోజులు నా ప్రాణం తోడేసింది. పిల్లలతో ఆడుతుందట, ఎవరినీ కరవదట, చెప్పిన మాట వింటుందట. అవన్నీ నిజమే. అది ఏమేం తింటుందో మాత్రం తను చూపించిన వీడియోల్లో ఎక్కడా లేదు.

ఆత్మకూరులో మా వీధి మీదుగా పొద్దున్నే మేకల మందలు పోతాయి. వాటి వెనకాల రాలిన పెంటికల్ని మా కుక్క వేరుశనగ గింజల్లా ఏరుకుని తింటుంది. కాలవ పక్కన చచ్చిన కప్ప కనబడితే దాని మీద పొర్లి వీపంతా పూసుకుంటుంది. ఆ నోటితోనే ఇంటికొచ్చి నా చేతులు నాకుతుంది. చీర కుచ్చిళ్ల మీద చొంగ. పప్పులో బొచ్చు, పెరుగులో బొచ్చు, నేను దిద్దే బడిపిల్లల నోటుపుస్తకాల్లోనూ బొచ్చే. ఒకరు తాగిన గ్లాసు కడిగినా ముట్టని మనిషిని నేను. అది నాకిన చోటల్లా సబ్బు పెట్టి రుద్దుకునేదాన్ని.

ఆ వేసవిలోనే ఉదయగిరి నుంచి మా అమ్మను తెచ్చుకున్నాను. అమ్మకు షుగరు. కొండ కింద రాళ్లలో చెప్పుల్లేకుండా తిరిగిన మనిషి. అక్కడి చర్చిలో ఆడవాళ్ల ప్రార్థన కూటానికి తన కాళ్లతో తాను నడిచి వెళ్లాలి, అదొక్కటే ఆమె పట్టుదల. నెల తిరిగేలోపు పంపించేస్తానని నా దగ్గర ముందే మాట తీసుకుంది.

అమ్మ వచ్చిన రోజు నుంచి కుక్క ఆమె ఎడమ కాలిని వదల్లేదు. పాదానికి ఏదో గుడ్డ చుట్టుకుని ఉంది.

"ఏందమ్మా అది?" అన్నాను.

"ఏం లేదుమే, పగుళ్లు. ఆముదం పెట్టినాను."

ఆముదం కోసం నాకుతోంది కాబోలు అనుకున్నాను. దగ్గరికి పోయి చూడలేదు. ముసలివాళ్ల పగిలిన పాదాలంటే నాకు అసహ్యం, ఆ పాదాలు కన్నతల్లివైనా సరే. కుక్కను మాత్రం ఇక భరించలేకపోయాను. మర్రిపాడు దగ్గర పొలంలో ఉండే మా తమ్ముడు ఆదివారం వచ్చి తీసుకుపోతానన్నాడు. అమ్మాయి నాతో మాట్లాడడం మానేసింది.

శనివారం సాయంత్రం కుక్క ఆ గుడ్డను పళ్లతో పట్టి లాగేసింది. చీపురు తిరగేసి నాలుగు బాదాను.

"నోరులేని దాన్ని అట్లా కొడతావేందిమే? నాకేం నొప్పి లేదులే," అంది అమ్మ.

దాని నోట్లోంచి గుడ్డ లాగుతుంటే చచ్చిన కప్ప కంపు కొట్టింది. దాని నోరే అనుకుని బయటికి తరిమాను. కంపు పోలేదు. వంగి చూశాను. అమ్మ బొటనవేలి కింద రూపాయి బిళ్లంత గుంట, చుట్టూ నలుపు, లోపల చీము. గుమ్మం దాకా పరిగెత్తి వాంతి చేసుకున్నాను.

"చెప్తే నన్ను మళ్లా ఉదయగిరికి పంపిస్తావా నువ్వు?" అంది వెనకనుంచి అమ్మ.

ఆసుపత్రిలో బొటనవేలు తీసేశారు. ఇంకొన్నాళ్లు పోతే పాదమే పోయేదన్నాడు డాక్టరు. కుక్కను నాకనిచ్చినందుకు కూడా చీవాట్లు పెట్టాడు. "ఇంట్లో ఎవరూ కాలు చూడలేదా?" అని అడిగాడు.

"కుక్క చూసిందండీ," అంది మా అమ్మాయి, నా మొహంలోకే చూస్తూ.

తమ్ముణ్ణి రావద్దన్నాను. దానికి ఎంత ప్రేమో అని వీధిలో అందరూ మురిసిపోతున్నారు. ప్రేమా లేదు, పాడూ లేదు. దానికి కుళ్లు కంపు ఇష్టం, అంతే. పుండు మానాక ఆ కాలి వైపే పోలేదు. ఇప్పటికీ పెంటికలు తింటుంది, ఇప్పటికీ నాకు అసహ్యమే.

అమ్మ ఉదయగిరి వెళ్లిపోయింది. చెప్పులేసుకుని, కాస్త కుంటుతూ, కూటానికి నడిచే వెళ్తుంది. ప్రతి శనివారం నేను బస్సెక్కి పోయి, పీట వాల్చుకుని, ఆమె పాదాలు కడిగి ఒళ్లో పెట్టుకుంటాను. వేళ్ల సందులు ఒక్కొక్కటీ విప్పి చూస్తాను. ముక్కు మూసుకోవాలనే ఉంటుంది. అయినా ముఖం ఆనించి వాసన చూస్తాను.