పై బావి మీది రాయి

రాళ్ల కింద నీళ్లను నడిపించేవాడు, మనుషులు మరిచిపోయిన పేర్లను మరిచిపోనివాడు అయిన దేవునికి స్తోత్రం. ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు ఊపిరి ఇచ్చినందుకు ఆయన నామానికే మహిమ.

నా చిన్నప్పుడు, ఎనభైల చివర్లో, మేము మస్కట్‌లోని అజైబాలో ఉండేవాళ్లం. ఇల్లు మాది కాదు. ఇండోనేషియా నుంచి వచ్చి అక్కడొక బ్యాంకులో పెద్ద అధికారిగా పనిచేస్తున్న ఒకాయనది. మా నాన్న ఆయన కారు నడిపేవాడు, మా అమ్మ వంట చేసేది. ఆయన్ని మేము సార్ అనేవాళ్లం. అంతకుముందు నేను గోదావరి జిల్లాలో అమ్మమ్మ దగ్గర పెరిగాను. నాకు ఊహ తెలియకముందే అమ్మ గల్ఫ్‌కి వచ్చేసింది. ఉత్తరం రాయడం రాదు కనుక మాటలు క్యాసెట్‌లో నింపి పంపేది. అమ్మ అంటే నాకు ముఖం లేని గొంతు. సార్ పది మందితో మాట్లాడి నాకు వీసా తెప్పించారు, పెరటి గదిలో మా ముగ్గురికీ చోటిచ్చారు. అక్కడికి వచ్చిన కొత్తలో నేను నిద్రలో కూడా అమ్మ కొంగు వదిలేదాన్ని కాదట.

సార్ పని పద్ధతి వేరు. అప్పు కోరినవాళ్ల కాగితాలు ఎంత బాగున్నా వెంటనే ఊఁ అనేవారు కాదు. సెలవునాడు ఆ చోటికి వెళ్లి, ఎవరితోనూ మాట్లాడకుండా, నేలమీద కూర్చుని చెవులొగ్గి వినేవారు. బ్యాంకులో గుమస్తాలు చాటుగా నవ్వుకునేవారు. మా నాన్నకు మాత్రం అదొక గర్వం. "మా సారు కొండని కూడా ఇంటర్వ్యూ చేత్తారు" అని తోటి డ్రైవర్ల రూముల్లో అందరికీ చెప్పేవాడు.

ఆ ఏడాది సార్‌కి వాళ్ల దేశం నుంచి పిలుపు వచ్చింది. అక్కడి బ్యాంకుల వ్యవహారం చక్కబెట్టడానికి ప్రభుత్వంలోకి రమ్మన్నారు. జీతం తక్కువ, తలనొప్పులు ఎక్కువ. ఆయన ఏదీ తేల్చుకోలేకపోయారు. అన్నం తింటుండగా ఫోన్ మోగితే పళ్లెం అలాగే వదిలేసి లేచేవారు. ఆయన వెళ్లిపోతే ఇల్లు పోతుంది, మా వీసాలు పోతాయి, అమ్మ ఇంకో ఇంట్లో పనికి చేరాలి. ఆ ఇంట్లో నాకు చోటుండదు. అమ్మ ప్రతి సాయంత్రం నన్ను పక్కన మోకరింపజేసి, సార్ మనసు ఇక్కడే నిలిపి ఉంచమని ప్రార్థన చేయించేది. నేను మనస్ఫూర్తిగా ఆమేన్ అనేదాన్ని.

గల్ఫ్‌లో శుక్రవారమే సెలవు గనుక మా సంఘారాధన కూడా శుక్రవారమే. అలాంటి ఒక శుక్రవారం సార్ సమాయిల్ అనే కొండ ఊళ్లో, అప్పు కోరినవాళ్ల ఖర్జూరపు తోటకు బయలుదేరుతూ మమ్మల్ని కూడా రమ్మన్నారు. కాదనలేక వెళ్లాం. దారి పొడవునా అమ్మ ముఖం ముడుచుకునే ఉంది.

ఆ కొండల నడుమ తోటలకు నీళ్లు భూమి కిందనుంచి వస్తాయి. ఎప్పుడో పూర్వీకులు కొండ కింద సొరంగం తవ్వి నీళ్లను మళ్లించారు. దాన్ని అక్కడివాళ్లు ఫలజ్ అంటారు. సొరంగం వెంబడే, మనిషి దిగి పూడిక తీయడానికి వీలుగా, అక్కడక్కడ బావుల్లాంటి నోళ్లు ఉంటాయి. తోట అంచున కింది బావి ఉంది. దాని పై బావి దూరంగా గుట్ట మీద ఉంది.

మిట్టమధ్యాహ్నం. సార్ ఒక చెట్టు నీడలో నమాజు చేసుకున్నారు, అమ్మ ఇంకో చెట్టు కింద కళ్లు మూసుకుని ప్రార్థించుకుంది. ఒక్క ఆకు కదలడం లేదు. ఈగ కూడా లేదు. నేను కింది బావి అంచున బోర్లా పడుకుని లోపలికి చూస్తున్నాను. చల్లని గాలి ముఖానికి తగిలింది. నీటి చప్పుడు వెనక ఎవరో గుసగుసగా మాట్లాడుకుంటున్నట్టు వినిపించింది. ఒకరు కాదు, చాలామంది. నా కేకకు అమ్మ పరుగున వచ్చి వంగి విన్నది, వెంటనే నన్ను వెనక్కి లాగేసింది.

"ఆరాధన ఎగ్గొట్టి షికారొచ్చాం గదా, ఇప్పుడు అనుభవించండి" అంది నాన్నతో.

"నువ్వూరుకోవే, సార్ ఇంటారు."

"ఇన్నా ఆయనకి అర్థమవుద్దేంటి?"

సార్‌కి మాటలు తెలియకపోయినా మా భయం తెలిసింది. ఆయన కూడా వంగి చాలాసేపు విన్నారు. తర్వాత నవ్వి, నాన్న దగ్గర నేర్చుకున్న హిందీలో, "డరో మత్ బేటీ. ఊపర్ ఆద్మీ, నీచే ఆవాజ్" అన్నారు. పైన ఎక్కడో మనుషులు మాట్లాడుకుంటారు, సొరంగం ఆ మాటను కిందికి మోసుకొస్తుంది, భయపడకు అని నాన్న తెలుగులో చెప్పాడు. పైన మాట్లాడేవాడికి కింద ఎవరు వింటున్నారో తెలియదట. కింద వినేవాడికి పైన మాట్లాడేది ఎవరో కనబడదట. అందుకే మామూలు మాట కూడా కిందికొచ్చేసరికి దయ్యమవుతుందట. కావాలంటే చూడు, నేను పై బావి దగ్గరికి వెళ్లి ఒక మాట చెబుతాను, అది నువ్వు విని నాకు చెప్పాలి అన్నారు. నా భయం తీర్చడానికి ఆయన పన్నిన ఉపాయం అది.

తోట కాసే పెద్దాయన్ని వెంటబెట్టుకుని సార్ గుట్టెక్కారు. వాళ్లు బండల వెనక కనుమరుగయ్యారు. నేను చెవి బావి మీద పెట్టాను. అమ్మ నా భుజం పట్టుకుని ఉంది.

గుసగుసలు ఆగిపోయాయి. నీటి చప్పుడు కూడా ఆగినట్టే అనిపించింది. అప్పుడొక గొంతు వినిపించింది. మగగొంతు కాదు. వయసు మళ్లిన ఆడమనిషి, సాగదీసి, ఒకే పేరును మళ్లీ మళ్లీ పిలుస్తోంది. పొట్టి పేరు. మన పేరు కాదు, నేనెన్నడూ వినని పేరు. నా పక్కన చెవి పెట్టిన అమ్మకు ఏమీ వినబడలేదు. నాన్నకూ వినబడలేదు.

సార్ తిరిగి వచ్చినప్పుడు ఆయన చేతులు దుమ్ముకొట్టుకుని ఉన్నాయి. "సారీ బేటీ" అన్నారు. పై బావి మీద పెద్ద బండ మూసి ఉందట. మేకలు పడిపోకుండా అక్కడివాళ్లు అలా మూసి, సందుల్లో మట్టి మెత్తుతారట. ఇద్దరూ కలిసి ఎంత లాగినా కదలలేదు. పెద్దాయన చెప్పినదాన్ని బట్టి దాని పైనున్న బావులన్నీ వరద వచ్చినప్పటి నుంచి మూసే ఉన్నాయి. సార్ బావిలోకి ఒక్క మాట కూడా పలకకుండానే తిరిగొచ్చారు.

"మరి ఇందాక వినబడ్డ గుసగుసలేంటి?" అన్నాడు నాన్న.

అప్పుడు నేను, నాకు ఒక పేరు వినబడింది అని, ఆ పేరు చెప్పాను. సార్ అక్కడే, ఎండకు కాలుతున్న రాళ్ల మీద, కూలబడిపోయారు. అది ఆయన ముద్దు పేరు. ఆయన్ని ఆ పేరుతో పిలిచినది ఒక్క తల్లే. ఆమె పోయి చాలాకాలమైంది. ఆ పేరును ఇక్కడ రాయను. అది ఆయనది.

తర్వాత ఆయన నన్ను ఒకే ఒక మాట అడిగారు. ఆ పిలుపు ఎలా ఉంది? కోప్పడుతున్నట్టా, రావద్దన్నట్టా? నాన్న ఆ ప్రశ్నను తెలుగులో చెబుతున్నప్పుడే అమ్మ వేళ్లు నా భుజంలోకి దిగాయి. ఆమె ముఖం చూశాను. రావద్దంది అని చెబితే చాలు, సార్ ఉండిపోతారు. అమ్మ నాకు ఉంటుంది. ఆ మాట నా నాలుక మీదికి వచ్చింది కూడా.

కానీ సండేస్కూల్లో పాఠాలు చెప్పే అక్క మాకు ఒకటి నేర్పింది. విన్న మాటకు ఏదీ కలపకూడదు, అందులోంచి ఏదీ తీయకూడదు. పైగా ఆ గొంతు నాకు తెలియని గొంతైనా ఆ పిలుపు తెలుసు. పొద్దుగూకే వేళ అమ్మమ్మ వీధి గుమ్మంలో నిలబడి నన్ను అలాగే పిలిచేది.

"అన్నానికి పిలిచినట్టుంది" అన్నాను.

నాన్న ఆ మాట హిందీలో చెప్పేలోపే సార్‌కి అర్థమైపోయింది. ముఖం చేతుల్లో దాచుకున్నారు.

వేసవి రాకముందే ఆయన తన దేశం వెళ్లిపోయారు. నాన్న ఇంకో కంపెనీలో డ్రైవర్‌గా సూర్ అనే ఊరికి వెళ్లాడు. అమ్మ వేరే ఇంట్లో పనికి చేరింది. నేను కాకినాడలో మిషన్ హాస్టల్‌కి వచ్చాను. అమ్మ మళ్లీ క్యాసెట్‌లో గొంతయింది. మొదటి క్యాసెట్‌లో ఆమె చాలాసేపు ఏడ్చి, చివర్లో, "నువ్వు చెప్పింది మంచిదేలేమ్మా" అంది.

సార్ అంచెలంచెలుగా ఎదిగారని, చివరికి దేశం డబ్బు వ్యవహారాలు చూసే పెద్ద పదవికి వెళ్లారని నాన్న చెబుతుండేవాడు. తొంభైల చివర్లో వాళ్ల రూపాయి కుప్పకూలి, బ్యాంకుల ముందు జనం బారులు తీరిన రోజుల్లో, నాన్న సూర్‌లో ఒక హోటల్ టీవీలో ఆయన్ని చూశాడు. జుట్టంతా నెరిసిపోయిందట. ఆ తర్వాత కొన్నాళ్లకు సార్ ఎక్కడెక్కడో కనుక్కుని నాన్నకు ఫోన్ చేశారు. కుశలం అడిగాక, "బేటీతో చెప్పు, ఇప్పుడు పై బావి దగ్గర ఉన్నది నేనే" అన్నారట. ఏ నిర్ణయమైనా పదిమందికి చెప్పే ముందు, చెప్పకుండా ఏదో ఒక బజారుకు వెళ్లి, చేపలమ్మేవాళ్ల మధ్య కూర్చుని వస్తున్నారట. నేను పైనుంచి పలికేది కింద ఎవరికి దయ్యమై వినబడుతుందో తెలియాలి కదా అన్నారట.

ఆనాడు నేను విన్న గొంతు ఎవరిదని మా పాస్టరుగారిని ఒకసారి అడిగాను. చనిపోయినవాళ్లను వెదక్కు, పిలిపించినవాణ్ణి వెదుకు అన్నారు. అంతకుమించి నాకూ తెలియదు. పిల్లలకు బైబిలు చెప్పేటప్పుడైనా, స్త్రీల కూడికలో మైకు పట్టుకున్నప్పుడైనా, నేను నోరు తెరిచే ముందు కాసేపు ఊరుకుంటాను. కొత్తవాళ్లు నేను మాట మరిచిపోయాననుకుంటారు. నేను కింది బావి దగ్గర చెవి పెట్టి ఉంటాను. ఒక్కోసారి ఆ నీటి చప్పుడు ఆగిపోవడం కూడా వినిపిస్తుంది.

చదువుతున్న మీరు కూడా నాతో కలిసి తల వంచండి. పై బావుల దగ్గర నిలబడి మాట్లాడేవాళ్లందరి కోసం ప్రార్థించండి. కింద వింటున్నవాళ్లు వాళ్లకు గుర్తుండాలని, వాళ్ల మీద ఎంత పెద్ద బండ మూసి ఉన్నా, అన్నానికి పిలిచినట్టు పేరు పెట్టి పిలిచే ఆ గొంతు వాళ్లను చేరాలని. ఆమేన్.