పియానోకి పూజ సరే, శ్రుతి ఎవరు చేయిస్తారు?

ఈ ఆదివారం రాజమండ్రిలో నా శిష్యురాలు సాహితికి పియానో పరీక్ష. రామచంద్రపురంలో తను చదివే స్కూల్లోని పాత పియానో మీదే ప్రాక్టీసు, నా పాఠాలు ఫోన్లో. వాయిస్తుంటే ఒక స్వరం అసలు వినిపించడం లేదు. సంగతేంటో చూద్దామని గురువారం బయల్దేరాను.

రాజమండ్రిలో ఉదయం ఏడింటి బస్సెక్కితే, మండపేట మీదుగా తొమ్మిదిలోపు దిగొచ్చు. టికెట్ వందలోపే. కిటికీ పక్క సీటు దొరికితే దారి పొడుగునా కాలవలు, వరిచేలు. బస్టాండు నుంచి ఆటో ఎక్కి స్కూలు పేరు చెప్పాను.

“పియానో ఉన్న స్కూలేనాండి? దసరాకి దానికి గొప్పగా పూజ చేస్తారండి. పులిహోర అదిరిపోద్దండి” అన్నాడు డ్రైవరు.

ఆ గొప్పేంటో స్కూల్లో పియానో మూత తీశాక తెలిసింది. వేళ్ళతో నొక్కే మెట్ల మీద పసుపు, కుంకుమ గట్టిపడిపోయాయి. కొబ్బరికాయ కూడా దాని మీదే కొడతారట! ఆ నీళ్ళు లోపలికి దిగి తీగలు తుప్పుపట్టాయి. నడిమి మెట్టు ఒకటి నొక్కితే చప్పుడే లేదు. అసలే కాలవ పక్క గది, గోడలకి చెమ్మ. నాకు ఒళ్ళు మండిపోయింది.

“ట్యూనింగ్ చేయించి ఎన్నాళ్ళయిందండి?” అని కరస్పాండెంటు గారిని అడిగాను.

“ట్యూనింగ్ ఏంటండి? ఏటా పూజ చేయిస్తున్నాం, పట్టుబట్ట కప్పుతున్నాం. ఇంకేం చెయ్యాలండి?”

“మీ కారుకి నిమ్మకాయలు తొక్కించి ఊరుకుంటారా, సర్వీసింగ్ కూడా చేయిస్తారా?”

ఆయన నవ్వేసి టీ తెప్పించారు. కప్పు అక్కడే వదిలేసి లేచాను.

సాహితి వాళ్ళమ్మగారిని అడిగి తనని మధ్యాహ్నం బస్సులో మా ఇంటికి తీసుకొచ్చేశాను. నా పియానో ముందు కూర్చుని చక్కగా మొదలుపెట్టింది. సరిగ్గా ఆ మెట్టు దగ్గరికి రాగానే వేలు పైకి లేచి, దాన్ని దాటేసింది.

“అదెందుకు వదిలేశావమ్మా?”

“అది మోగదు కదండీ మేడం.”

“ఇక్కడ మోగుతుంది, నొక్కు.”

నొక్కింది. మోగేసరికి ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

వానాకాలం చెక్క ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుపోతుంది, తీగలు సడలుతాయి. మన డెల్టా చెమ్మలో ఏడాదికి రెండుసార్లయినా ట్యూనరు చెయ్యి పడకపోతే పియానో బతకదు. ఇన్నేళ్ళూ అంత మాత్రం చేయించలేకపోయారు. ఆదివారం ఆ వేలు మళ్ళీ దాటేస్తే, తప్పు సాహితి పేరు మీద పడుతుంది. పట్టుబట్ట కప్పినవాళ్ళని ఎవరూ ఏమీ అనరు.

పియానో ఉందని చూసి మీ పిల్లల్ని ఏ స్కూల్లోనైనా చేర్చబోతుంటే, ముందు ఆ బట్ట తీయించి ఒక్కో మెట్టూ మీ వేలితో నొక్కి వినండి.